పెద్ద చుక్క, చిన్న చుక్క

పోయిన వారం మా చెల్లిని స్టూడియో గాజు తలుపు అవతల నిలబెట్టి కథ ఆపేశాను. పాపం, వారం రోజులుగా అది అక్కడే ఉంది, చంకలో ఖాళీ ఫ్రేముతో. లోపలికి పిలిచేముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి.

మాది ఫోటో స్టూడియో, నాన్న పెట్టింది. కౌంటరూ కెమెరా నేను చూస్తాను, టచింగ్ మా ఆయన చూస్తారు. ఫోటోలో మచ్చలు తుడవడం, ముడతలు తగ్గించడం, చెదిరిన జుట్టు సర్దడం ఆయన పని. అందరూ టచింగ్ మాస్టారు, టచింగ్ మాస్టారు అని పిలిచి పిలిచి ఆయన అసలు పేరు నాకే ఒక్కోసారి తట్టదు. చెల్లి కూతురు పోయి ఏడు నెలలైంది. ఆరేళ్ళది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని అందరం దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. తల్లీ కూతుళ్ళిద్దరూ సముద్రం చూసి వచ్చారు. వచ్చిన మూడో రోజు జ్వరం, తొమ్మిదో రోజుకి పిల్ల లేదు. "ఆ గాలి పడలేదు దానికి" అని మా మరిది, అంటే చెల్లి మొగుడు, ఒక్కసారి అన్నాడు. మళ్ళీ అనలేదు. ఆ ఒక్కసారికే చెల్లి సగమైపోయింది.

ఆ తర్వాత వానల్లో వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చి ఆల్బములన్నీ అట్టకట్టాయి. నెగటివులూ వాటితోనే పోయాయి. పిచ్చుక పుట్టినప్పటివి, పాకినప్పటివి, బడి మొదటి రోజువి, అన్నీ కలిసి ఒక ముద్ద. మిగిలింది చెల్లి సంచిలో ఉన్న ఒక్క ఫోటో. సముద్రం నుంచి తిరిగొస్తూ రైలు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న పిచ్చుక. దానికీ చెమ్మ తగిలి మొహం మీద పొక్కులు లేచాయి. బాగుచేసి, పెద్దది చేసి ఇవ్వమని పది రోజుల కిందట చెల్లి దాన్ని తెచ్చి మా ఆయన చేతిలో పెట్టింది.

ఆ పెద్ద ఫోటోని నేను చూసింది చెల్లి తలుపు దగ్గరికి రావడానికి పది నిమిషాల ముందు. కాగితం విప్పాను. తల కిటికీకి ఆనే ఉంది. నోరు కొంచెం తెరిచే ఉంది. చెంప కింద చెయ్యి కూడా అలాగే ఉంది. కళ్ళు మాత్రం విచ్చుకుని సూటిగా నన్నే చూస్తున్నాయి.

"కళ్ళెందుకు తెరిచారు?" అన్నాను.

మా ఆయన కుంచె కడుక్కుంటున్నారు. "మూసుకున్న కళ్ళతో ఎవరైనా ఫోటో గోడకి పెట్టుకుంటారా? అందులోనూ పోయిన పిల్లది."

ఆయన్ని అని లాభం లేదు. ముప్ఫై ఏళ్ళలో మూసిన కన్ను మూసినట్టుగా ఆయన చేతి కింద నుంచి బయటికి పోలేదు. గ్రూపు ఫోటోలో రెప్ప వాల్చిన మేనత్తల దగ్గర్నుంచి ఆఫీసు ఫోటోలో కునికిన గుమాస్తాల దాకా అందరికీ కళ్ళు పెట్టారు. మా దుకాణంలో ఈ పనికి పేరు కూడా ఉంది, 'లేపడం' అంటాం. "ఇందులో ముగ్గుర్ని లేపాలి, శనివారం రండి" అంటారు ఆయన. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్తారు. నేనూ నవ్వేదాన్ని.

"అసలు ఫోటో ఏది?"

ఆయన సొరుగు లాగారు. "పొక్కులు తుడుస్తుంటే దూదికి అంటుకుని వచ్చేసింది. పైపొర బాగా నాని ఉంది. నేనేం చేసేది?"

కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి మచ్చలున్నాయి. కింద కాగితం కనిపిస్తోంది.

"రెండు గీతలు గీస్తే రెప్పలయ్యేవి కదండీ."

ఆయన నా వైపు చూశారు. ఆ ఆలోచన ఆయనకి నిజంగానే రాలేదు. చెయ్యి దాని అలవాటున అది పోయింది.

"అయినా ఇవి నేను గీసినవి కావు. పాప సొంత కళ్ళే" అన్నారు, కాస్త గర్వంగానే. "పాస్‌పోర్ట్ ఫోటోల పెట్టెలో మా తోడల్లుడి పేరున ఒక కవరుంది, చూడు. అందులో పాప నెగటివ్ దొరికింది. సరిగ్గా ఈ సైజుకి ప్రింటు వేసి, బ్లేడుతో కోసి అతికించి, దాన్ని మళ్ళీ ఫోటో తీశాను. అతుకు ఎక్కడుందో చూపించు, చూద్దాం. అవునూ, అది ఎప్పుడు తీశావు? నాకు చెప్పనే లేదు."

నేను జవాబు చెప్పేలోపు గాజు తలుపు అవతల చెల్లి కనిపించింది. పోయిన వారం మనం ఆగింది ఇక్కడే.

తలుపు గంట మోగింది. చెల్లి లోపలికొచ్చి ఫ్రేముని బల్ల మీద పెట్టింది. చెక్క ఫ్రేము, అంచులకి సన్నటి గీత, గాజు తుడిచి తుడిచి మెరుస్తోంది.

"అయిందా అక్కా? పన్నెండింటికి ఆయన వస్తారు. గోడకి మేకు కూడా కొట్టి ఉంచారు."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. "ఇంకా తడి ఆరలేదే. రేపు రాకూడదూ?" అన్నాను.

నేను అబద్ధమాడితే మా ఆయన కనిపెట్టలేరు. ఆయనకున్న మంచి గుణాల్లో అదొకటి. ఆ రోజు అదే నా కొంప ముంచింది.

"ఎప్పుడో ఆరిపోయింది. రామ్మా, చూద్దువుగాని" అని ఫోటో తెచ్చి చెల్లి ముందు నిలబెట్టారు. "పాపని లేపాను."

చెల్లి కూర్చోలేదు. నిలబడే చూసింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"నన్నే చూస్తోంది బావా" అంది చివరికి.

అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడు నెలల తర్వాత దాని మొహంలో కాస్త రక్తం కనిపించింది.

"మీకెవరికీ చెప్పలేదు. దాని కళ్ళు నాకు గుర్తు రావడం లేదు. మొహమంతా గుర్తొస్తుంది. నుదురు, ముక్కు, ఊడిన పన్ను, అన్నీ వస్తాయి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి చెరిగిపోతుంది. కన్నతల్లిని కదా, ఎవరితో చెప్పుకోను? ఎలా చేశారు బావా?"

మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనేం చేస్తున్నానో కూడా చెబుతాను, దాచి ఏం లాభం. గండం గడిచిందని సంతోషిస్తున్నాను. చెల్లి ఫ్రేము వెనక మేకులు తీసి, ఫోటో బిగించుకుని, మొగుడి స్కూటరెక్కి వెళ్ళిపోతుంది. గోడ మీద పిల్ల కళ్ళు తెరిచి ఉంటుంది. నేను ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. అంత సిగ్గులేకుండా ఆలోచించాను.

చెల్లి ఫ్రేము విప్పింది కూడా. గాజు మీద పెట్టి సరిచూడడానికి ఫోటోని వెలుతురు వైపు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. గోరు పిచ్చుక కుడికన్ను మీదికి జరిగింది.

దాని గోరు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. అక్కడ ఏం వెతకాలో నాన్న నేర్పింది మా ఇద్దరికే.

మా స్టూడియోలో రెండు దీపాలుంటాయి, ఎడమవైపు పెద్దది, కుడివైపు చిన్నది. నాన్న వాటి కాళ్ళని నేలకి బిగించేశారు, ఎవరూ కదపకుండా. కాబట్టి మా స్టూలు మీద కూర్చుని ఎవరు ఫోటో దిగినా కంటి నల్లగుడ్డులో రెండు తెల్ల చుక్కలు పడతాయి. ఒకటి పెద్దది, దాని పక్కన ఒకటి చిన్నది. మా చిన్నప్పుడు నాన్న ఎవరి ఫోటో కడిగినా భూతద్దం ఇచ్చి మాకు చూపించేవారు. "పెద్ద చుక్క అక్క, చిన్న చుక్క చెల్లి. ఊళ్ళో అందరి కళ్ళల్లోనూ మీరిద్దరే" అనేవారు. మేమిద్దరం భూతద్దం కోసం కొట్టుకునేవాళ్ళం.

"రైల్లో దీపాలెక్కడివి అక్కా?" అంది చెల్లి.

"మన దీపాలేనమ్మా" అన్నారు మా ఆయన హుషారుగా. "మన పాస్‌పోర్ట్ నెగటివ్ ఉంది కదా, అందులోంచి..."

అని ఆగి చెల్లి మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు. ఫోటోలో ముడతలు చదివే మనిషి కదా, ఇన్నాళ్ళకి మా మొహాలూ చదివినట్టున్నారు. ఫోటోలు కడిగే డార్క్ రూములోకి వెళ్ళి తలుపేసుకున్నారు. పని చేసేటప్పుడు వేసే ఎర్ర దీపం వెలగలేదు. లోపల చీకట్లో ఊరికే నిలబడ్డారన్నమాట.

"నేను పిచ్చుకని ఎప్పుడూ ఈ స్టూలు మీద కూర్చోబెట్టలేదు."

"మీ ఆయన తీసుకొచ్చాడు."

"ఎప్పుడు?"

"మీరు సముద్రానికి వెళ్ళే ముందు వారం. గురువారం."

"గురువారం దానికి బడి."

"బడి నుంచే తీసుకొచ్చాడు."

చెల్లి ఫోటోని బల్ల మీద పెట్టింది, బోర్లా కాదు, వెల్లకిలా. ఆ కళ్ళు ఇప్పుడు పైకప్పుని చూస్తున్నాయి.

"ఎన్ని కాపీలు?"

"దానివి ఆరు. అతనివి ఆరు."

"నావి?"

నేను తల అడ్డంగా ఊపాను. చెల్లి కూడా ఊపింది, నాకు తెలియని విషయమేదో తను ఒప్పుకుంటున్నట్టు.

ఇక నీళ్ళు నమిలి ప్రయోజనం లేదు. చెప్పాను. మరిది టైపు మిషన్లు బాగుచేస్తాడు. వేరే దేశంలో అదే పని దొరికిందన్నాడు. పాపకి బడి సంవత్సరం పోకుండా ముందు తామిద్దరూ వెళ్తామన్నాడు, చెల్లిని తర్వాత పిలిపించుకుంటానన్నాడు. ఇప్పుడే చెబితే గొడవవుతుందని, టికెట్లు చేతికొచ్చాక చెబుతానన్నాడు. ఈలోగా పిల్ల పోయింది. అతను ఎక్కడికీ వెళ్ళలేదు. పన్నెండు ఫోటోలూ అతని దగ్గరే ఉండాలి.

"తర్వాత పిలిపించుకుంటానంటే నువ్వు నమ్మావా?"

నమ్మానని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా రెండు జతల కళ్ళున్నాయి.

"నమ్మలేదు."

"మరి?"

"ఆ ఏడాది నీ మీద కోపంగా ఉన్నాను."

"కెమెరా కోసమా?"

"కెమెరా కోసమే."

చెప్పుకోడానికే నీచంగా ఉంది. నాన్న పోయాక ఆయన ప్రయాణాల్లో మెడలో వేసుకునే చిన్న కెమెరా చెల్లి అడిగింది. స్టూడియో నాకిచ్చారు కదా, అదైనా నాకివ్వు అంది. దుకాణం సామాను ఇవ్వనన్నాను. అది నన్నో మాట అంది, నేను రెండన్నాను. ఏడాది పాటు ఒకరి గడప ఒకరం తొక్కలేదు. ఆ కెమెరా తోలు సంచిలో బీరువా పై అరలో ఉంది, ఇవాళ్టికీ నేను ఒక్క ఫోటో తీయలేదు. చెల్లి పక్కింటివాళ్ళ కెమెరా అడిగి తీసుకుని సముద్రానికి వెళ్ళింది. పన్నెండు ఫోటోలు తీస్తే పదకొండు కదిలిపోయాయి. పిచ్చుక నీళ్ళలో గెంతినవీ, ఇసుకలో పరిగెత్తినవీ అన్నీ మసకే. పిల్ల కదలకుండా ఉన్నది ఒక్క రైల్లోనే.

నాన్న కెమెరా పరిగెత్తే గుర్రాన్ని కూడా నిలబెట్టేది. ఇచ్చి ఉంటే పన్నెండూ వచ్చేవి.

చెల్లి ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఎవరి గురించో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"రైల్లో ఒక మాట అడిగింది. 'అమ్మా, నేనూ నాన్నా దూరం వెళ్తే నా జడ ఎవరు వేస్తారు?' అని. నిన్ను నేనెక్కడికి పంపిస్తానే అని నవ్వాను. 'నాన్నకి జడ రాదు కదా' అంది. నీకెవరు చెప్పారే దూరం వెళ్తావని అన్నాను. అంతే. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మాట మధ్యలోనే ఎంత తొందరగా నిద్రపోయిందో అనుకున్నాను. ముద్దొచ్చి ఫోటో తీశాను."

చెల్లి ఫోటోని తన వైపు తిప్పుకుంది.

"అది నిద్రపోలేదు అక్కా. నేను ఇంకేం అడుగుతానోనని కళ్ళు మూసుకుంది." చూపుడు వేలితో పిచ్చుక నుదుటి మీది జుట్టుని సర్దింది, కాగితం మీదే. "బావ కొత్తగా లేపిందేం లేదు. అది మేలుకునే ఉంది."

ఏడు నెలలుగా చెల్లి బతికింది ఆ ఫోటో మీదే. నా బిడ్డ చివరి రోజుల్లో ఒక్కసారైనా నా పక్కన హాయిగా నిద్రపోయింది అనుకుంటూ బతికింది. ఆల్బములు ముద్దయినప్పుడు కూడా అది పడిపోలేదు, సంచి తెరిచి చూసుకుని ఇదొక్కటి చాలు అంది. ఆ ఒక్కటీ ఇప్పుడు లేదు. అసలు ఫోటో కళ్ళు దూదికి పోయాయి, దాని అర్థం నా నోటికి పోయింది.

"ఒకటి చెప్పు" అంది చెల్లి. "పిచ్చుక నా దగ్గర ఏదీ దాచేది కాదు. బడిలో ఎవరి పెన్సిలు విరగ్గొట్టినా ఇంటికొచ్చి తనే చెప్పేసేది. దానికి దాచడం నేర్పిందెవరు? ఆయనా?"

అవును అంటే సరిపోయేది. మరిది మీదికి తోసేస్తే చెల్లి నమ్మేది కూడా. కానీ ఆ రోజు అతను స్కూటరు పాడైందని బయట దానితో కుస్తీ పడుతున్నాడు. లోపల పిల్లా నేనే ఉన్నాం. మా ఆయన ఎవరి ఫోటోలో ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళారు.

చెల్లి లేచింది. కౌంటరు పక్కనున్న తెర తొలగించి స్టూడియో గదిలోకి నడిచింది. మీటలెక్కడున్నాయో దానికి ఒకరు చెప్పాలా, ఆ గదిలోనే పెరిగింది. పెద్ద దీపం వెలిగింది, చిన్న దీపం వెలిగింది. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"రా. నీ చోట నిలబడు."

వెళ్ళాను. కెమెరా పక్కన, కుడివైపు, నేలమీద రంగు అరిగిపోయిన చోట. ముప్ఫై ఏళ్ళుగా నేను నిలబడే చోటు.

"ఫోటోలో దాని చూపు కెమెరాకి వెంట్రుకవాసి పక్కకి ఉంది. ఇక్కడికి చూస్తోంది, నీ వైపు. నువ్వు నొక్కే ముందు ఏదో అన్నావు. అది విని చూసిన చూపది. ఏమన్నావు?"

"ఏముందే, అందరికీ చెప్పేదే. కదలకు అని..."

"కదలకు అంటే ఆగే పిల్ల కాదు. మూడేళ్ళప్పుడు మా ఇంట్లో ఫోటోకి బావ బొమ్మలు ఊపితే ఆగలేదు, బిస్కెట్ ఇస్తానంటే ఆగలేదు. పుట్టాక అది కదలకుండా కూర్చుంది ఒక్క ఈ స్టూలు మీదే. దాన్ని ఏ మాట ఆపిందో నాకు కావాలి. అదే మాట, అదే గొంతుతో చెప్పు."

దీపాల వేడికి నా మెడ చెమర్చింది. చెల్లి కళ్ళల్లో రెండు చుక్కలు కనిపిస్తున్నాయి. చిన్న చుక్క వణుకుతోంది. పెద్దది మాత్రం కదలడం లేదు.

ఆ గురువారం పిచ్చుక ఆ స్టూలు మీద గిరగిరా తిరిగింది. కాళ్ళూపింది. "పెద్దమ్మా, ఈ ఫోటో అమ్మకి చూపిద్దామా, అమ్మకి చూపిద్దామా" అని పది సార్లు అడిగింది. నాకు విసుగొచ్చింది, భయమూ వేసింది. వంగి, దాని గడ్డం పట్టుకుని, మెల్లగా, చాలా ముద్దుగా చెప్పాను.

మళ్ళీ అలాగే వంగాను. చెల్లి గడ్డం పట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"అమ్మకి చెప్పకేం, నా తల్లీ" అన్నాను. "చెప్పావంటే అమ్మ ఏడుస్తుంది."

చెల్లి కదలకుండా వింది. తర్వాత నెమ్మదిగా తల పక్కకి వాల్చి, గోడకి ఆనించి, కళ్ళు మూసుకుంది.

నేను పిలిచాను. పలకలేదు. డార్క్ రూము తలుపు వెనక మా ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

బయట స్కూటరు ఆగింది. తలుపు గంట మోగింది. మరిది ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం దగ్గర విప్పి లోపలికొచ్చాడు, ఫ్రేము బిగించడానికి చేతిలో సుత్తి, జేబులో రెండు చిన్న మేకులు.

"ఏం వదినా, అయిందా?" అంటూ బల్ల మీది ఫోటో దగ్గరికి నడిచి, వంగి చూసి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

నేను దీపాలార్పడానికి మీట వైపు చెయ్యి చాపాను.

"ఆర్పకు అక్కా" అంది చెల్లి, కళ్ళు తెరవకుండానే. "నా తర్వాత వాడు కూర్చుంటాడు."